గంజి పెట్టిన బ్యాండ్లు, భుజం దిగిన తువ్వాల

మొన్న నల్లగొండలో ఒక పెద్ద వకీలుగారి సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు, ఇంటివాళ్ళు ఆయన బీరువా తెరిచి బట్టలు సర్దుతున్నారు. పైఅరలోంచి నల్లకోటు దిగింది. లోపలి జేబులో దినపత్రిక ముక్కలో చుట్టిన, వకీళ్ళు మెడకు కట్టుకునే రెండు జతల తెల్ల బ్యాండ్లు ఉన్నాయి. కోటు నిండా కలరా ఉండల ఘాటు, దాని అడుగున పాత గంజి వాసన. కోర్టు సిబ్బందిలో బతుకంతా గడిపినవాళ్ళకు ఆ వాసన ఒక్కటి చాలు. పదిన్నర గంట, ఎర్ర ట్యాగులు కట్టిన కేసు కట్టలు, వరండాలో కోర్టు జవాను (బంట్రోతు) కేక, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

అక్కడ కూర్చున్న ఒక పిల్లవాడికి వచ్చే వారం మిర్యాలగూడ కోర్టులో సాక్ష్యం ఉందట. "కోర్టుకు ఏం తొడుక్కొని పోవాలె, ఎట్ల నిలబడాలె?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ పద్ధతులు ఎందుకు పుట్టాయో చూసినవాళ్ళు తగ్గిపోతున్నారు. అందుకే ఇదంతా రాయడం.

నలుపు, తెలుపు

వకీళ్ళ దుస్తులు ఎవరిష్టం వాళ్ళది కాదు. 1961 అడ్వకేట్స్ చట్టం 49వ సెక్షన్ కింద, వకీళ్ళ వృత్తిని చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నిబంధనల్లో, ఆరో భాగం నాలుగో అధ్యాయంలో అంతా రాసి ఉంటుంది. మగవాళ్ళకు గుండీలన్నీ పెట్టుకునే నల్లకోటు గానీ, నల్ల షేర్వాణీ, అచ్కన్ లాంటివి గానీ, బ్యాండ్లు, గౌను (కోటు మీద వేసుకునే వదులైన నల్ల అంగీ). లేదంటే ముందు తెరిచి ఉండే నల్లకోటు, తెల్ల చొక్కా, తెల్ల కాలరు, బ్యాండ్లు, గౌను. కిందికి తెలుపు, నలుపు, బూడిద రంగు లేదా చారల ప్యాంటు. ధోవతి కట్టుకోవచ్చు, జీన్స్ మాత్రం కూడదు. గౌను సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో తప్పనిసరి. కింది కోర్టుల్లో వేసుకున్నా సరే, వేసుకోకున్నా సరే. జిల్లా కోర్టు, సెషన్స్ కోర్టు కంటే కిందివాటిలో బ్యాండ్లకు బదులు నల్ల టై కట్టుకునే వీలుంది. మున్సిఫ్ కోర్టుల్లో కొత్త జూనియర్లు చాలామంది టైతోనే కనిపించేది అందుకే.

ఆ జాబితాలో నల్ల షేర్వాణీ ఉండడం చాలామందికి ఆశ్చర్యం. మన దగ్గర దాన్ని చూసినవాళ్ళకు ఆశ్చర్యం లేదు. నిజాం కాలంలో ఉర్దూలో వాదించి, తర్వాత ఇంగ్లీషుకు, తెలుగుకు మారిన పాతతరం వకీల్ సాబ్‌లు కొందరు చివరిదాకా షేర్వాణీ మీదే బ్యాండ్లు కట్టారు. మెడదాకా గుండీలు పెట్టి, దాని మీద రెండు తెల్ల పట్టీలు వేలాడుతుంటే హాల్లోకి వాళ్ళ రాకే వేరుగా ఉండేది. పేషీ, వకాలత్, నకలు, గవా, ముద్దాయి అనే మాటలు మన కోర్టుల్లో ఇంకా వినిపిస్తున్నట్టే, ఆ షేర్వాణీ కూడా కొన్నాళ్ళు నిలబడింది.

ఆడ వకీళ్ళకు నల్ల పొడుగుచేతుల జాకెట్టు లేదా తెల్ల జాకెట్టు మీద నల్లకోటు, బ్యాండ్లు. చీరైతే తెలుపు, నలుపు, లేదా అచ్చులూ డిజైన్లూ లేని లేతరంగు. సల్వారు కుర్తాకూ అనుమతి ఉంది. ఒకవైపు పోచంపల్లి, ఇంకోవైపు గద్వాల, నారాయణపేట. ఇన్ని రంగులు నేసే గడ్డ మీద పుట్టి, వారానికి ఐదారు రోజులు రంగులేని చీర కట్టుకొని వచ్చేవాళ్ళు. మొదట్లో జిల్లాలో ఆడ వకీళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళ బ్యాండ్లు మాత్రం అందరికంటే తెల్లగా ఉండేవి.

ఆ తెలుపు ఊరికే రాదు. బ్యాండు అంటే మెడపట్టీకి కుట్టిన రెండు చిన్న తెల్లగుడ్డ ముక్కలు. వెనక నాడాతో ముడేసేవాళ్ళు. హుక్కులు, అతుక్కునే పట్టీలు తర్వాత వచ్చాయి. దానికి గంజి పెట్టడంలో చాకలివాళ్ళ పనితనం చూడాలి. అన్నం వార్చిన గంజిని పలుచన చేసి, గుడ్డలో వడకట్టాలి. వడకట్టకుంటే మెతుకు పలుకులు గుడ్డకు అంటి, ఇస్త్రీపెట్టె తగలగానే గోధుమరంగు మచ్చలవుతాయి. నీలిమందు రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే నీలం చారలు. సగం ఆరి, ఇంకా చెమ్మ ఉండగానే తిరగేసి వెనకవైపు నుంచి ఇస్త్రీ చెయ్యాలి. గంజి మరీ చిక్కనైతే పట్టీ అట్టముక్కలా బిగుసుకొని, వంగినచోట పగులుతుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె కాలంలో ఇంకో భయం ఉండేది: పెట్టె కంతల్లోంచి బూడిద రాలేది. ముందు తడిగుడ్డ మీద ఒకసారి రాసి, ఆ తర్వాతే బ్యాండు మీద పెట్టేవాళ్ళు.

కోటుకు దీనికి ఉల్టా. నల్లకోటు మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే మోచేతుల దగ్గర, కాలరు మీద మెరుపు తేలుతుంది, అది మళ్ళీ పోదు. మీద తడిగుడ్డ పరచాలి. నల్లగొండ ఎండలకు చెమట ఆరి చంకల దగ్గర తెల్లగా ఉప్పు చారలు కడుతుంది. రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, నీడలో తగిలించి, మరునాడు బ్రష్షు కొట్టాలి. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతాచోట్ల నల్లకోటు తప్పనిసరి కాదని నిబంధనలోనే ఉంది. ఆ వెసులుబాటు ఉన్నా ఏప్రిల్ ఎండలో కోటు విప్పని పెద్దలు ఉండేవాళ్ళు. కరెంటు పోయిన హాల్లో, ఆగిన ఫ్యాను కింద సాక్షిని క్రాస్ (ఎదుటి వకీలు అడిగే ప్రశ్నలు) చేస్తుంటే బ్యాండ్ల గంజి చెమటకు మెత్తబడి కిందికి జారేది.

కోర్టు బయట బ్యాండ్లు, గౌనుతో తిరగకూడదనే నిబంధన కూడా ఉంది. ప్రత్యేక వేడుకలప్పుడు తప్ప. పాతవాళ్ళు దీన్ని గట్టిగా పట్టించుకునేవాళ్ళు. చాయ్ హోటలుకు పోవాలన్నా ముందు మెడ వెనక ముడి విప్పి, పట్టీలు మడిచి కోటు జేబులో పెట్టేవాళ్ళు. బీరువాలో దొరికిన ఆ రెండు జతలూ సరిగ్గా అట్లాగే మడిచి ఉన్నాయి.

తల మీద రుమాలు

కక్షిదారుకు, సాక్షికి, చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఫలానా బట్ట కట్టుకోవాలని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. మంచి బట్టలు లేవని వాయిదాకు రాకుండా ఆగినవాళ్ళున్నారు. ఉతికిన బట్ట, ఒంటిని కప్పే బట్ట, చాలు. చిరిగితే కుట్టు వేసినదైనా సరే. ధోవతి, జుబ్బా, నేత చీర, ప్యాంటు చొక్కా, ఏదైనా. వద్దనేవి కొన్నే: లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టడం, బనీను మీద రావడం, చొక్కా గుండీలు విప్పేసి ఛాతీ కనబడేలా నిలబడడం, నల్ల కళ్ళద్దాలు, పెద్దపెద్ద బొమ్మలూ రాతలూ ఉన్న చొక్కాలు. ఈ మధ్య చేరినవి మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్, పొట్టి నిక్కర్లు.

అయితే అప్పట్లో అసలు చిక్కంతా తల దగ్గరే వచ్చేది. నిజాం రాజ్యపు మర్యాదలో పెద్దల ముందుకు ఒట్టి తలతో పోవడం తప్పు. దర్బారుకు దస్తార్ (దర్బారు తలపాగా) ఉండాల్సిందే. దస్తార్ లేనివాళ్ళకు టోపీ, ఊరి పటేలుకు, రైతుకు రుమాలు. ఆ కాలంలో పెరిగిన ముసలాయన కోర్టు మెట్ల దగ్గర ఆగి, బస్సులో చెదిరిన రుమాలు విప్పి, దులిపి, మళ్ళీ శ్రద్ధగా చుట్టుకొని లోపలికి అడుగుపెట్టేవాడు. జడ్జిగారికి అంతకుమించిన గౌరవం ఆయన ఇవ్వలేడు. లోపల జవానేమో ఇంగ్లీషు కోర్టుల మర్యాద నేర్చినవాడు. "ఏం పెద్దాయనా, రుమాలు దియ్యి, అయ్య సూస్తుండు" అని చెవిలో చెప్పేవాడు. ముసలాయన బిత్తరపోయేవాడు. మర్యాద కోసం చుట్టుకున్నదాన్ని మర్యాద కోసమే తియ్యమంటున్నారు మరి.

తెలిసిన జడ్జిలు దీన్ని ఒక్క చేతిసైగతో తేల్చేవాళ్ళు. ఉండనివ్వమన్నట్టు అరచెయ్యి ఊపేవాళ్ళు, జవాను వెనక్కి జరిగేవాడు. కొన్నిచోట్ల తీయించేవాళ్ళు. అప్పుడు ఆ పెద్దమనుషులు రుమాలును కింద పెట్టేవాళ్ళు కాదు, చంకలోనూ పెట్టేవాళ్ళు కాదు. మడత పెట్టి రెండు చేతుల్లో పట్టుకునేవాళ్ళు. బోనులో సాక్ష్యం చెప్తున్నంతసేపూ ఆ గుడ్డ ఛాతీ ముందే ఉండేది. నమ్మకం వల్ల ధరించే తలపాగాను, టోపీని తియ్యమనడం ఎప్పుడూ సరికాదు. అది వేరే సంగతి. ఎండకు కప్పుకున్న తువ్వాల, క్యాపు, హెల్మెట్ మాత్రం గుమ్మం బయటే తియ్యాలి.

భుజం మీది తువ్వాల కథ వేరే. ఊళ్ళో దొర ముందు తువ్వాల భుజం నుంచి దించి నడుముకు చుట్టుకొని, చెప్పులు చేతపట్టుకొని నిలబడమన్న రోజులు ఈ జిల్లాలు చూశాయి. ఆ అలవాటుతోనే కోర్టు గుమ్మం బయట చెప్పులు విడిచి, తువ్వాల నడుముకు బిగించి, వంగి వచ్చేవాళ్ళు. వరండాలో ఎన్నెన్ని కిర్రు చెప్పులు వరుసగా ఉండేవో. కొందరు జడ్జిలు చెప్పులు వేసుకొనే రమ్మనేవాళ్ళు. కోర్టు కోరేది ఆ వంగడం కాదు. నిటారుగా నిలబడి, చేతులు జేబుల్లో పెట్టకుండా, బోను కర్రకు ఒరగకుండా, అడిగినదానికి వినబడేలా జవాబు చెప్పడం. దొర ముందు నేర్చిన భయమూ కోర్టులో ఉండాల్సిన మర్యాదా వేరువేరని తెలియడానికి కొంతమందికి ఒకటి రెండు వాయిదాలు పట్టేది.

దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే లంబాడి ఆడవాళ్ళు పేటియా (లంగా), కాంచళి (రవిక)తో, మోచేతుల పైదాకా గాజులతోనే వచ్చేవాళ్ళు. అద్దాలు మెరిసేవి. బోనెక్కుతుంటే కాళ్ళ కడియాలు మోగేవి. అది వాళ్ళ కట్టు, కోర్టుకు దానితో పేచీ లేదు. చెయ్యెత్తి చూపిస్తూ మాట్లాడితే గాజుల చప్పుడుకు మాట వినిపించకపోతే, "అమ్మా, చేతులు కిందికి పెట్టి చెప్పు" అనేవాళ్ళు, అంతే. తెలుగు సరిగా రాకుంటే లంబాడి భాష తెలిసిన మనిషిని ప్రమాణం చేయించి పక్కన నిలబెట్టేవాళ్ళు.

జవాను కేక

కోర్టు పదిన్నరకు. కానీ ఊరివాళ్ళకు అది తెల్లవారకముందే మొదలయ్యేది. మొదటి బస్సుకు ఎక్కి, సద్దిమూట చేతపట్టుకొని వచ్చి, చెట్టు కింద కూర్చునేవాళ్ళు. పాలమూరు వైపైతే బొంబాయి, పూనా వలస పోయినవాళ్ళు వాయిదా కోసం ఒక రాత్రి, ఒక పగలు బస్సులో కూర్చొని, మొహం మీద సిమెంటు దుమ్ము కడుక్కోకుండానే దిగేవాళ్ళు. కోర్టు ఆవరణలో బోరింగు దగ్గర కాళ్ళుచేతులు కడుక్కొని, సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కునేవాళ్ళు. అంతకంటే తగిన కోర్టు దుస్తులు ఏముంటాయి?

లోపల ఇంకో హడావుడి. జవాను బల్ల తుడిచి, నీళ్ళ గ్లాసు మీద మూత పెట్టి, కాలింగ్ బెల్లు కుడిచేతి వైపు జరిపేవాడు. బెంచి క్లర్కు ఆ రోజు జాబితా వరుసలో కేసు కట్టలు పేర్చేవాడు. చాంబరు తలుపు దగ్గర జవాను సన్నగా ఒక్క శబ్దం చేసేవాడు. కొంచెం దగ్గు లాంటిది. దాంతో హాలంతా లేచేది. జడ్జిగారు వచ్చి, నిలబడి, నమస్కరించి కూర్చునేవారు. వకీళ్ళు తలవంచి నమస్కరించి, ఆ తర్వాతే కూర్చునేవాళ్ళు. వెళ్ళేటప్పుడూ అంతే. మధ్యలో లోపలికి వచ్చేవాళ్ళు గుమ్మం దాటగానే బెంచీ వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి, చప్పుడు లేకుండా పక్కకు జరగాలి. "దండాలు దొరా" అని గట్టిగా అరవడం, జడ్జి కూర్చునే డయాస్ దగ్గరికి పోయి కాళ్ళు మొక్కబోవడం, రెండూ పని ఆపేస్తాయి.

తర్వాత పిలుపు. జవాను వరండాలోకి వచ్చి పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి మూడుసార్లు పిలిచేవాడు. మైకులు లేవు. ఆ గొంతు చెట్టు కిందికి, చాయ్ హోటలు దాకా పోవాలి. చివర "హాజర్?" అని పొడుగ్గా సాగదీసేవాడు. పలికినవాడు "ఉన్న సారూ" అనుకుంటూ ఉరికొచ్చేవాడు. ఉరకొద్దు. అక్కడ చాలామంది తప్పు చేసేవాళ్ళు: చేతిలో బీడీ, నోట్లో ఆకువక్క, భుజాన సంచి, అట్లాగే లోపలికి. బీడీ ఆర్పాలి, నోరు పుక్కిలించాలి, సంచి తెలిసినవాళ్ళకు ఇవ్వాలి. అందుకే పదిన్నరకు ముందే వచ్చి, నోటీసు బోర్డు మీది జాబితాలో మన కేసు నంబరు ఎన్నోదో చూసుకోవడం మంచిది. వకీలు గుమస్తాను అడిగితే చెప్తాడు.

మూడుసార్లు పిలిచినా పలకకపోతే ఏమయ్యేదో చెట్టు కిందివాళ్ళకు ఆలస్యంగా తెలిసేది. సివిల్ దావాలో వాది రాకపోతే దావా కొట్టేయవచ్చు, ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే ఆయన లేకుండానే కేసు నడిపేయడం. క్రిమినల్ కేసులో ముద్దాయి రాకుంటే నాన్‌బెయిలబుల్ వారెంటు రావచ్చు. వకీలు లేచి "పాస్ ఓవర్" అడిగితే కొంతసేపాగి మళ్ళీ పిలిచేవాళ్ళు. బస్సు చెడిపోయి మధ్యాహ్నం చేరినవాడు భయపడి వెనక్కి పోకూడదు. అదే రోజు వకీలుతో వారెంటు రద్దు పిటిషన్ వేయించి జడ్జి ముందు నిలబడాలి. వెనక్కి పోయినవాళ్ళు పోలీసుల వెంట వచ్చేవాళ్ళు.

కల్లు సంగతి కూడా రాయాలి. ధైర్యం కోసమని ఒక సీసా తాగి బోనెక్కిన సాక్షులు లేకపోలేదు. వాసన మొదట టైపిస్టుకు తగిలేది. జడ్జిగారు తల ఎత్తి చూసి, సాక్ష్యం రాయకుండా వాయిదా వేసేవారు. ఒక్కోసారి అంతకంటే గట్టిగా ఉండేది. పోయిన కూలీ, బస్సు ఛార్జీ, మళ్ళీ ఒక నెల.

టైపు మిషన్ ఆగినప్పుడు

కోర్టులో నిశ్శబ్దం జడ్జి గొప్పతనం కోసమని చాలామంది అనుకుంటారు. బెంచి క్లర్కు కుర్చీలోంచి చూస్తే అది కాగితం కోసం. సాక్షి చెప్పింది జడ్జిగారు విని, వాక్యంగా మార్చి చెప్తే, టైపిస్టు కొట్టేవాడు. "నేను ఫలానా ఊరి నివాసిని. వ్యవసాయం నా వృత్తి. ముద్దాయిలను ఎరుగుదును." పాత మిషన్, కార్బన్ కాగితాలు పెట్టి కొట్టేవాళ్ళు, దిద్దుబాటు అంటే అన్ని ప్రతుల్లోనూ దిద్దాలి. వెనక బెంచీలో ఇద్దరు గుసగుసలాడితే, ఒక చిన్నపిల్ల ఏడిస్తే, "తూర్పు గట్టు" కాస్తా "తూర్పు కట్ట" అయ్యేది. భూమి తగాదాలో ఆ ఒక్క అక్షరానికి ఎంత విలువో రైతులకు చెప్పక్కర్లేదు. పిల్లలు ఏడిస్తే తల్లిని తిట్టడం పద్ధతి కాదు. జవాను మెల్లగా బయటికి దారి చూపేవాడు. వాళ్ళ కేసు పిలిచినప్పుడు తనే పోయి పిలుచుకొచ్చేవాడు.

సాక్షి నేర్చుకోవాల్సిందీ ఇక్కడే. ప్రమాణం చేయించేది సినిమాల్లో చూపినట్టు గ్రంథం మీద చెయ్యి పెట్టించి కాదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని సాక్షిగా గానీ, దేవుని పేరు వద్దనుకుంటే మనస్సాక్షిగా గానీ నిజమే చెప్తానని పలకాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలని తెలిస్తే చాలు, ప్రమాణం లేకుండానే రాయవచ్చు. తర్వాత చీఫ్ (పిలిపించిన పక్షం వకీలు అడిగేది), ఆపై క్రాస్. సివిల్ కేసుల్లో 2002 నుంచి చీఫ్ అఫిడవిట్ రూపంలోనే దాఖలవుతోంది, బోనులో క్రాసే మిగిలింది.

ప్రశ్న అడిగేది వకీలు, కానీ జవాబు జడ్జి వైపు చూసి చెప్పాలి. తల ఊపితే లాభం లేదు. తల ఊపడాన్ని మిషన్ కొట్టదు. అవునంటే అవును, కాదంటే కాదు, తెలియకుంటే తెలియదు, గుర్తులేకుంటే గుర్తులేదు. వాక్యం అయ్యాక ఆగాలి, టైపు చప్పుడు ఆగేదాకా. క్రాసులో ఎదుటి వకీలు "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అంటాడు. సాక్షికి ఒళ్ళు మండుతుంది. "నీ అయ్య చెప్పిండా అబద్ధమని?" అన్నవాళ్ళను విన్నాం. ఆ వకీలు తిట్టడం లేదు. తన పక్షం వాదన సాక్షి ముందు పెట్టడం ఆయన విధి. పెట్టకపోతే తర్వాత ఆయనకే చిక్కు. "కాదు" అని ఒక్క మాట చాలు. కాగితం మీద అది "నేను అబద్ధం చెప్పుచున్నానుట వాస్తవము కాదు" అని ఎక్కుతుంది, వాదన ముందుకు పోతుంది. అదే కోపంతో అరిస్తే ఆ అరుపూ లెక్కలోకి వస్తుంది. సాక్షి బోనులో ఎట్లా మసలుకున్నాడో అవసరమనుకుంటే జడ్జి రాసిపెట్టాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పేది. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 315. తడబడడం, పక్కవాళ్ళ వైపు చూసి జవాబు వెతకడం, మొహం చాటేయడం, ఇవి తీర్పులో కనిపించినప్పుడు సాక్షి ఊరు చేరి ఎప్పుడో అయ్యేది.

మర్యాద ఒకవైపుదే కాదు. సాక్షిని అవమానించడానికో, చికాకు పెట్టడానికో అడిగే ప్రశ్నలను ఆపాలని సాక్ష్య చట్టంలో 151, 152 సెక్షన్లు ఉండేవి, కొత్త చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. ఒక ఆడమనిషిని వెకిలిగా అడగబోయిన వకీలును, గొంతు పెంచకుండా "తర్వాతి ప్రశ్న" అని ఆపిన జడ్జిలను చూశాం. హాల్లో ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు. అత్యాచారం కేసుల్లోనైతే హాలే ఖాళీ చేయించి తలుపులు వేసేవాళ్ళు. మామూలు రోజుల్లో కోర్టు అందరిదీ, ఎవరైనా వచ్చి వెనక కూర్చొని వినొచ్చు.

ఇంకా సాక్ష్యం ఇవ్వని సాక్షులు మాత్రం బయటే ఉండాలి. ముందువాడు చెప్పింది విని చెప్పాడనే మాట వస్తే ఆ సాక్ష్యం విలువ పడిపోతుంది. కాగితం ఏదైనా ఇవ్వాలంటే డయాస్ మీదికి చెయ్యి చాపకూడదు. వకీలుకు ఇస్తే, ఆయన ఎదుటి వకీలుకు చూపించి, బెంచి క్లర్కు ద్వారా పైకి పంపిస్తాడు. చివర సాక్ష్యం చదివి వినిపిస్తారు. తప్పుంటే అప్పుడే "అయ్యా, అది నేను అట్ల చెప్పలే" అనాలి. అది అమర్యాద కాదు, హక్కు. సిగ్గుపడి వేలిముద్ర వేసేసి బయటికొచ్చి గొణిగేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

కొన్ని మాటలు, కొన్ని సెక్షన్లు

"మిలార్డ్" అని జిల్లా కోర్టులో ఎవరూ అనరు. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్", కింది కోర్టుల్లో "సర్" లేదా స్థానిక భాషలో దానికి సమానమైన మాట చాలని చెప్పింది. మనవాళ్ళు అంతకుముందు నుంచీ "అయ్యా", "సారూ" అంటూనే ఉన్నారు. జడ్జి ఆడవారైతే "అమ్మా", "మేడం".

పోలీసులు యూనిఫాం మీద వస్తే టోపీ తియ్యరు, బెంచీకి సెల్యూట్ చేస్తారు. ముద్దాయిని బేడీలతో కోర్టు లోపలికి తీసుకురావడం ఒకప్పుడు మామూలు. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు ఆ అలవాటును తప్పుపట్టింది. ఆ తర్వాత మెట్ల దగ్గరే గొలుసు విప్పే చప్పుడు వినిపించేది. మణికట్టు రుద్దుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు.

హద్దు దాటితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. కోర్టు నడుస్తుండగా కావాలని జడ్జిని అవమానిస్తే, పనికి అడ్డం తగిలితే ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 228 కింద ఆరు నెలల సాధారణ జైలు, వెయ్యి రూపాయల జుర్మానా దాకా. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 267, జుర్మానా ఐదు వేల దాకా. ఆ రోజు కోర్టు లేచేలోపే అక్కడికక్కడ విచారించి చిన్న జుర్మానా వేసే అధికారమూ ఉంది. కానీ ఎక్కువసార్లు అంతదాకా పోయేది కాదు. ఫోను మోగినవాణ్ణి, కాలు మీద కాలు వేసుకున్నవాణ్ణి సాయంత్రందాకా వెనక బెంచీలో కూర్చోబెట్టి, పశ్చాత్తాపం చూసి పంపేవాళ్ళు. ఆ కూర్చోవడమే చాలామందికి గుర్తుండిపోయింది.

ఇప్పుడు

2022 జూన్‌లో కొత్త జిల్లాలకు వాటి జిల్లా కోర్టులు వచ్చాయి. సూర్యాపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట వాళ్ళకు పొద్దుటి బస్సు కొంత దగ్గరైంది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. జాబితా ఫోనులోనే చూసుకోవచ్చు. కరోనాలో, 2020 మేలో, సుప్రీంకోర్టు వీడియో విచారణలకు కోటు, గౌను లేకుండా తెల్ల చొక్కా, తెల్ల చీర, తెల్ల సల్వారు మీద బ్యాండు చాలని చెప్పింది. తెర ముందు కూర్చున్నా మర్యాద మారలేదు. వెనక గోడ ఖాళీగా ఉండాలి, వెలుగు మొహం మీద పడాలి, మన వంతు రానప్పుడు మైకు మూసి ఉండాలి, నడిచే కారులోంచి, మంచం మీంచి మాట్లాడకూడదు.

మిర్యాలగూడ పోయే పిల్లవాడికి చెప్పింది ఇంతే. నీకున్నదాంట్లో ఉతికిన చొక్కా, మామూలు ప్యాంటు. సమన్లు, ఆధార్ కార్డు పైజేబులో. ఫోను సైలెంట్ కాదు, పూర్తిగా బంద్ చెయ్యి, లేదా బయట ఎవరికైనా ఇవ్వు. హాల్లో ఫొటో గానీ వీడియో గానీ తియ్యకు. నీ పేరు పిలిచేదాకా బయటే ఉండు, లోపలికి పోగానే నమస్కారం పెట్టు. ఎవరో చెప్పమన్నట్టు చెప్పకు. నీ వెంట వస్తున్న నానమ్మ కూడా సాక్షేనంటున్నావు, ఆమె ఎక్కువసేపు నిలబడలేదు కదా. బోనెక్కకముందే వకీలుకు చెప్పు, ఆయన జడ్జిగారిని అడిగి కుర్చీ వేయిస్తాడు. ముసలివాళ్ళకు, నిండు గర్భిణులకు కుర్చీ అడిగితే కాదన్నవాళ్ళు తక్కువ, అడగక నిలబడి కళ్ళు తిరిగి పడ్డవాళ్ళే ఎక్కువ.